కయాకు ప్రయాణము: ఏటి యొడ్డున ఒక రాత్రి బస

మన విద్యార్థులలో ఈత నేర్చినవారును, చిన్న పడవ నడపగలవారును కొందరు కలరు. కయాకుపై ఏటిలో ప్రయాణము చేసి, ఒడ్డున గుడారము వేసికొని, ఒక రాత్రి గడిపి, మరునాడు ఇల్లు చేరవలెనను కోరిక వారికి కలుగుట సహజము. ఆ కోరిక మంచిదే. కాని పగటి విహారమునకును రాత్రి బసకును చాల భేదము కలదు. పగటివేళ ఏదైన లోపము కనబడినచో గంటలో ఇల్లు చేరవచ్చును. రాత్రివేళ మనము వెంట తెచ్చుకొన్నదే మనకు ఇల్లు. కావున అట్టి ప్రయాణమునకు ఎట్లు సిద్ధపడవలెనో ఈ పాఠమున వివరింతుము. మా వలన జరిగిన ఒక తప్పును గూడ దాచక చివర చెప్పుదుము.

కయాకు మొదట ఉత్తర హిమప్రాంతములలోని ఇన్యూట్ జనులు వేటకై నిర్మించుకొనిన పడవ. వారు సముద్రపు టలలకు కొట్టుకొనివచ్చిన కొయ్యతోను, ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు చర్మమును బిగించెడివారు. పైభాగము మూయబడి, మనుష్యుడు కూర్చుండుటకు మాత్రము చోటుండును. రెండు కొనలను పలకలు గల తెడ్డుతో దీనిని నడపుదురు. ఈ పోలికగా కొయ్యపడవ చేయించుకొని, జాన్ మెక్‌గ్రెగర్ అను బ్రిటిషు న్యాయవాది 1865లో యూరపు నదులపై ప్రయాణము చేసెను. అతని సామానంతయు అడుగు చదరమును, ఆరంగుళముల లోతును గల యొక్క సంచిలో నిమిడినది. పిమ్మట 1868-69లో అతడు యొర్దాను నదిపై గూడ పయనించెను. సామాను తగ్గించుకొనుట ఈ విద్యకు మొదటి మెట్టని దీనివలన తెలియుచున్నది.

ఇక సన్నాహములను వరుసగా చెప్పుదుము. మొదటిది శరీరాభ్యాసము. ఈత వచ్చినంతమాత్రమున చాలదు. కయాకు బోర్లపడినచో తలక్రిందుగా నున్న మనుష్యుడు బెదరక, రెండు చేతులతో అంచును పట్టి, కాళ్లను వెలికి లాగికొని పైకి తేలవలెను. దీనిని లోతు తక్కువైన నిలుకడ నీటిలో, పెద్దలు దగ్గర నిలిచియుండగా, అలవాటగు వరకు అభ్యసింపవలెను. పడవలోని నీరు తోడి మరల ఎక్కుటయు నేర్వవలెను. లైఫ్ జాకెట్టును ఒడ్డుననే తొడిగి, పట్టీలన్నియు బిగింపవలెను. పడవలో మడిచి పెట్టిన జాకెట్టు ఎవ్వరిని రక్షింపదు.

రెండవది కాలనిర్ణయము. గోదావరిపై వర్షకాలమున ఇట్టి ప్రయాణము తలపెట్టనేరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీని, వరద నీటిలో, కచ్చులూరు వద్ద డెబ్బదిమందికి పైగా నెక్కిన పెద్ద పడవయే మునిగి, నలుబదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పెద్ద పడవ గతియే అట్లయినప్పుడు చిన్న పడవ మాట చెప్పనేల? పుష్య మాఘ మాసములు తగిన కాలము. అప్పుడును ఉదయమున మంచు విడిచిన తరువాతనే బయలుదేరవలెను. మన తలపై ఆకాశము నిర్మలముగా నున్నంతమాత్రమున నది నిర్మలముగా నుండదు. శబరి, ఇంద్రావతి పరీవాహక ప్రాంతములలో కురిసిన వాన కొంతకాలమునకు మన యొడ్డును చేరును. కావున ఎగువ వానలను గూర్చియు, గేట్లనుండి విడుచు నీటిని గూర్చియు ముందుగా విచారింపవలెను. ఆనకట్టల దరికి ఎన్నడును పోరాదు.

మూడవది దూరము. క్రొత్తవారు గంటకు 4 కిలోమీటర్లు నడపగలరనుకొందము. ఎదురుగాలి వీచినచో అందులో సగమును సాగదు. మొదటి ప్రయాణమునకు దినమునకు 10 కిలోమీటర్లు చాలును. సూర్యాస్తమయమునకు రెండు గంటల ముందే బస చేరవలెను. చీకటిలో వేసిన గుడారము ఎచ్చట వేసితిమో తెల్లవారిన పిమ్మటగాని తెలియదు.

నాలుగవది సామాను. ఎండలో తెడ్డు వేయువానికి దినమునకు 4 లీటర్ల త్రాగునీరు కావలెను. అది 4 కిలోల బరువు. కావున తక్కిన బరువును తగ్గింపవలెను. మొదటి రాత్రి భోజనమునకు పులిహోర, మరునాటికి అటుకులు, బెల్లము, వేరుసెనగపప్పు చాలును. పొడి బట్టల జత, దుప్పటి, అగ్గిపెట్టె, మందులు, సెల్ ఫోను అనువానిని నీరు చొరని సంచులలో వేరువేరుగా కట్టవలెను. అన్నియు ఒకే సంచిలో నుండి, అది తడిసినచో అన్నియు పోవును. టార్చిలైటును, ఈలను ఒంటిననే ఉంచుకొనవలెను. బరువైన వస్తువులను పడవ నడుమ అడుగునను, తేలికైనవానిని కొనలయందును సర్ది, కుడియెడమలు సమముగా నుండునట్లు చూడవలెను.

అయిదవది బస. నీటి యంచుననే గుడారము వేయరాదు. పడవలను ఎత్తునకు లాగి త్రాటితో కట్టవలెను. ఇసుకలో గూటము నిలువదు గనుక, ఒక సంచిని ఇసుకతో నింపి, లోతుగా పాతి, దానికి కట్టవలెను. నేలపై పరుండువానిని రాత్రివేళ కట్లపాము కరచుట కలదు. ఆ కాటు నొప్పి అంతగా తెలియకపోవచ్చును. కావున అడుగు మూసిన గుడారములోగాని, అంచులు చాపక్రింద మడిచిన దోమతెరలోగాని నిద్రింపవలెను. కాటు పడినచో కోయుట, బిగించి కట్టుట, నాటువైద్యము మానవలెను. కాటుపడిన అవయవమును కదలనీయక తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

ఆరవది ఇంటిలో విడిచి పోవలసిన కాగితము. ఎవరెవరు పోవుచున్నారు, ఎచ్చట బస చేయుదురు, ఎన్నిగంటలకు తిరిగి వత్తురు, ఎన్నిగంటలు దాటినచో వెదకుటకు బయలుదేరవలెను అను నాలుగు సంగతులు దానిలో నుండవలెను. కొన్ని తావుల సెల్ ఫోనునకు సంకేతము అందదు గనుక ఈ కాగితము మిక్కిలి ముఖ్యము.

ఇప్పుడు మా తప్పును చెప్పుదుము. కొన్నియేండ్ల క్రిందట, కార్తికమాసపు మొదటి దినములలో, ఉపాధ్యాయులము ఇద్దరమును ఎనిమిదిమంది పిల్లలను వెంటబెట్టుకొని, ఇద్దరేసి కూర్చుండు కయాకులు అయిదింటిలో పట్టిసము దిగువకు పోతిమి. ఎగువను వాన కురిసెనని వింటిమి గాని లెక్కచేయమైతిమి. ఇసుక దిబ్బపై బస చేసితిమి. నాలుగు పడవలను కట్టి, అయిదవదానిని పైకి లాగియుంచితిమి గదాయని కట్టక విడిచితిమి.

నడురేయి దాటినపిమ్మట పాదములు తడిసి ఒక బాలుడు మేలుకొని, “మేష్టారూ, పడవ పోతోందండి!” అని కేక వేసెను. మేము లేచి టార్చిలైటు వేసి పిల్లలను లెక్కించితిమి. ఏడుగురే యుండిరి. కేక వేసిన బాలుడే పడవవెంట నీటిలోనికి పరుగెత్తెను. వాని ఒంటిపై జాకెట్టు లేదు. మేము చేరునప్పటికి వాడు రొమ్ములోతు నీటిలో నిలువలేక తూలుచుండెను. చేయి అందినది, దేవుని దయ. అందరమును దిబ్బ నడుమకు చేరి తెల్లవార్లు కూర్చుంటిమి. నీరు అంతకుమించి పెరుగలేదు. తెల్లవారినపిమ్మట ఆ పడవ దిగువను రెల్లుగడ్డిలో చిక్కుకొని కనబడెను.

తిరిగి వచ్చినప్పుడు జరిగినదంతయు ఆ బాలుని తండ్రికి చెప్పితిమి. ఆయన చేపలు పట్టి జీవించువాడు. కొంతసేపు మాటాడక, పిమ్మట, “పడవ పోతే ఇంకొకటి దొరుకుతుందండి. ఆ మాట వాడికి ముందే చెప్పవలసింది” అనెను. మేము తలవంచుకొంటిమి. నిజమునకు బయలుదేరుటకు ముందు మేము ఆ పిల్లలకు చెప్పినదేమి? పడవలు అద్దెవి, జాగ్రత్త, ఒక్క తెడ్డయినను పోగొట్టరాదు అని ముమ్మారు హెచ్చరించితిమి. ఆ బాలుడు మా మాటనే పాటించెను. అవిధేయత వలన కాదు, విధేయత వలననే వాడు నీటిలో దిగెను.

కావున ఇప్పుడు మేము సామాను సర్దకమునుపే పిల్లలను కూర్చుండబెట్టి, నీటిలో పోయిన వస్తువును ఎవ్వరును వెంబడింపరాదని చెప్పి, ఒక్కొక్కరిచేతను ఆ మాటను మరల చెప్పింతుము. వాన మాట వినబడినచో, సామాను కట్టియున్నను, ప్రయాణము మానుదుము. తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఇట్టి ప్రయాణమునకు అనుమతి కోరినప్పుడు సంచిలో ఏమేమి పెట్టుకొంటివని తరువాత అడుగుడు. నీ తెడ్డు కొట్టుకొనిపోయినచో ఏమి చేయుదువని ముందడుగుడు. “పోనిత్తును” అని తడవుకొనక చెప్పగలిగినవానిని నిర్భయముగా పంపవచ్చును.