ఇంగ్లీషు జాతీయాల్లో జంతువులు

గుమ్మడిదల చుట్టుపక్కల మన ఇళ్లలో పిల్లలు రోజూ మూడు భాషల మధ్య తిరుగుతుంటారు. ఇంట్లో అమ్మీ, అబ్బాలతో ఉర్దూ, గల్లీలోనూ బడిలోనూ తెలుగు, బొంతపల్లి, గడ్డపోతారం వైపు కంపెనీలకు పోతే ఇంగ్లీషు. మాటలు ఎన్ని వచ్చినా జాతీయం దగ్గర మాత్రం తడబాటు తప్పదు. జాతీయంలో ఒక్కొక్క పదానికి ఉన్న అర్థం వేరు, అన్నీ కలిసి ఇచ్చే అర్థం వేరు.

మాకు తెలిసిన ఒక బాబు డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఒక మందుల కంపెనీలో ట్రైనీగా చేరాడు. మొదటి వారంలోనే శిక్షణ ఇచ్చే ఆయన నవ్వుతూ, ఈ కొత్త పద్ధతికి మీ బ్యాచే మా 'గినీ పిగ్స్' అన్నాడట. బాబుకు చివరి మాట ఒక్కటే చెవిన పడింది. నన్ను పంది అన్నాడు అనుకుని మర్నాటి నుంచి డ్యూటీకి పోలేదు. ఆ మాట నోటితో అనడం ఇష్టం లేక ఇంట్లో కారణం కూడా చెప్పలేదు. నెల తర్వాత మా దగ్గర నోరు విప్పాడు. అప్పటికి ఆ స్థానంలో మరొకరు చేరిపోయారు.

గినీ పిగ్ పంది కాదు. ఎలుక జాతికి దగ్గరి చిన్న ప్రాణి. గినీ దేశానిదీ కాదు, దక్షిణ అమెరికాది. ప్రయోగశాలల్లో దీన్ని విరివిగా వాడేవారు. క్షయకు కారణమైన సూక్ష్మక్రిమిని 1882లో ప్రకటించిన రాబర్ట్ కాక్ కూడా వీటి మీదే పరీక్షలు చేశాడు. అందుకే కొత్తదాన్ని మొదట ఎవరి మీద ప్రయోగించి చూస్తారో వారిని గినీ పిగ్ అంటారు. అందులో తిట్టు లేదు. కానీ 'నా మీద ఏం ప్రయోగిస్తున్నారు?' అని అడిగే హక్కు మాత్రం ఉంది. మందుల కంపెనీల మధ్య బతికే మనకు ఈ మాట తెలిసి ఉండాలి.

గుడ్లగూబది ఇంకో కథ. ఉర్దూలో 'ఉల్లూ' అంటే తెలివితక్కువవాడు. తెలుగు పల్లెల్లో అది ఇంటిమీద వాలితే కీడని భయం. ఇంగ్లీషులో మాత్రం అది జ్ఞానానికి గుర్తు, గ్రీకుల ఎథీనా దేవత పక్షి. 'నైట్ ఔల్' అంటే రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునేవాడు. నైట్ షిఫ్టులో సూపర్‌వైజర్ ఆ మాట అంటే కోపం తెచ్చుకోనక్కర్లేదు.

పాము మూడు భాషల్లోనూ ద్రోహే, చోటు మాత్రం మారుతుంది. ఇంగ్లీషులో 'స్నేక్ ఇన్ ది గ్రాస్', అంటే గడ్డిలో దాక్కుంది. ఉర్దూలో 'ఆస్తీన్ కా సాంప్', చొక్కా చేతిలోనే దూరింది. తెలుగువాళ్లు పాలు పోసి మరీ పెంచారు. మాకైతే ఉర్దూ మాటే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

మొసలి కన్నీరు, పిల్లి మెడలో గంట మూడింటిలోనూ ఉన్నాయి, కష్టం లేదు. 'డాంకీ వర్క్' మన గాడిద చాకిరే. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోత వాన. అక్కడ కుక్కనూ పిల్లినీ వెతకొద్దు. 'వైట్ ఎలిఫెంట్' తెలుగు పత్రికల్లో తెల్ల ఏనుగుగా కనిపిస్తూనే ఉంటుంది. లాభం లేకుండా ఖర్చు మాత్రం మోయాల్సిన వస్తువు అది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో ఇడియమ్స్ మీద ప్రశ్నలు వస్తాయి కనుక పిల్లలు వీటిని నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఇంగ్లీషు మాట, దాని కింద అర్థం, దాని కింద ఇంట్లో దానికి వాడే మాట. మూడో వరుస రాసినవాళ్లు మరచిపోవడం మేము అరుదుగా చూశాం.

వీటికన్నా జాగ్రత్తగా నేర్వవలసినవి సేఫ్టీ క్లాసుల్లో వినబడే రెండు మాటలు. 'క్రయింగ్ వుల్ఫ్' మనకు చిన్నప్పటి 'నాన్నా పులి' కథే. ఇంగ్లీషులో పులికి బదులు తోడేలు. ఊరికే అలారం నొక్కితే, నిజంగా గ్యాస్ లీకైన రోజు ఎవరూ కదలరని చెప్పడానికి వాడతారు.

రెండోది 'కేనరీ ఇన్ ది కోల్ మైన్'. కేనరీ పసుపుపచ్చని చిన్న పిట్ట. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మనిషి పసిగట్టలేడు. ఆ పిట్ట మనిషికన్నా ముందే సోలిపోతుంది. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో సూచించగా, బ్రిటన్ బొగ్గుగనుల్లో కార్మికులు పంజరంలో దాన్ని వెంట తీసుకుపోయేవారు. పిట్ట వాలిపోతే వెంటనే బయటికి పరుగు. ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాక, 1986లో అక్కడ వాటిని మాన్పించాలని నిర్ణయించారు. పిట్టలు పోయినా మాట మిగిలింది. పెద్ద ప్రమాదానికి ముందే కనిపించే చిన్న సూచన అని అర్థం. రియాక్టర్ దగ్గర ఒకరికి తల తిరిగితే, 'పొద్దున ఏమీ తినలేదేమో' అని పక్కన కూర్చోబెట్టి మళ్లీ పనిలో పడతాం. అతనే ఆ రోజు కేనరీ కావచ్చు.