రహదారిపై మరణించిన దుప్పి కొమ్ములు ఎవరివి?

అడవి మధ్యగా సాగే రహదారిపై రాత్రివేళ వాహనం తగిలి ఒక చుక్కల దుప్పి మరణించినదనుకొందాం. దానిని ఎవరూ వేటాడలేదు. చంపవలెనన్న తలంపు ఎవరికీ లేదు. మరునాడు ఆ దారిన పోయే బాటసారి దాని కొమ్ములను కోసి ఇంటికి కొనిపోతే తప్పేమిటి? చాలామందికి కలిగే ఈ సందేహానికి మన శాసనం స్పష్టమైన సమాధానమే ఇస్తున్నది.

వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని పార్లమెంటు 1972లో ఆమోదించింది. ఆనాడు ఈ విషయం రాష్ట్రాల జాబితాలో ఉండేది. అందువల్ల రాజ్యాంగంలోని 252వ అధికరణం ననుసరించి పదకొండు రాష్ట్రాలు తీర్మానాలు చేసి, చట్టం చేయవలసిందిగా పార్లమెంటును కోరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా వన్యప్రాణి సంరక్షణ ఉమ్మడి జాబితాలో చేరింది. ప్రాణుల పట్ల కారుణ్యం చూపడం పౌరుని ప్రాథమిక విధులలో ఒకటైనదీ ఆ సవరణతోనే.

ఈ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం వేటాడబడిన వన్యప్రాణియే కాక, మరణించి కనిపించినదీ, పొరపాటున చంపబడినదీ కూడా రాష్ట్ర ప్రభుత్వపు ఆస్తి. దాని మాంసమూ, దాని నుంచి లభించే ట్రోఫీలూ అట్టివే. ట్రోఫీ అన్న పదానికి చట్టమిచ్చిన నిర్వచనంలో కొమ్ములు, ఎముకలు, దంతాలు, గోళ్లు చేరి ఉన్నాయి. దుప్పి కొమ్ము ఏటేటా రాలి మళ్లీ మొలిచే ఎముక. కృష్ణజింక కొమ్ము ఎన్నడూ రాలనిది. ప్రకృతిలో ఈ భేదమున్నా చట్టం దృష్టిలో రెండూ ట్రోఫీలే.

అట్టి ఆస్తి ఏ విధంగానైనా చేతికి వచ్చిన వ్యక్తి 48 గంటలలోగా సమీప పోలీసు ఠాణాకు గాని, అధికారం గల అటవీ అధికారికి గాని తెలియజేయాలి, కోరినపుడు అప్పగించాలి. ముందుగా లిఖితపూర్వకమైన అనుమతి లేనిదే దానిని ఉంచుకొనుట, ఇతరులకు ఇచ్చుట, ధ్వంసం చేయుట నిషిద్ధం.

నిర్దోషియైన బాటసారిని కూడా శాసనం ఇంతగా కట్టడి చేయడమెందుకు? ప్రమాదంలో దొరికిన కొమ్ములను ఉంచుకొనవచ్చునని అంటే, తుపాకితో చంపిన వాడు సైతం ప్రమాదమే కారణమని చెప్పగలడు. గోడపై వేలాడే కొమ్ము తాను ఎలా వచ్చినదో చెప్పదు కదా! కొమ్ములకు అలంకరణకై గిరాకీ ఉన్నది. శృంగభస్మం వంటి ఔషధాలకై కూడా ఉన్నది. గిరాకీ ఉన్నచోట సాకు వెదకడం కష్టం కాదు. అందుచేతనే 57వ సెక్షన్ రుజువు భారాన్ని కొమ్ములు కలిగి ఉన్న వ్యక్తిపైనే మోపింది. నేరం రుజువైతే సాధారణంగా మూడేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జుర్మానా గాని, రెండూ గాని విధించవచ్చును. మొదటి షెడ్యూలులోని ప్రాణుల విషయంలో శిక్ష మూడేండ్లకు తగ్గదు. ఏడేండ్ల వరకు ఉండవచ్చును.

అడవిలో సహజంగా రాలిన కొమ్ము మాటేమిటి? అడవిలో లభించిన కొమ్ములను 1927 నాటి భారత అటవీ చట్టం అటవీ ఉత్పత్తులలో చేర్చింది. కనుక అవి కూడా కనబడినవాని సొత్తు కావు. ఇక తాతముత్తాతల నాటి కొమ్ములు ఇంట నున్నవారికి యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం గలవారు వాటిని స్వచ్ఛందంగా ముఖ్య వన్యప్రాణి సంరక్షకాధికారికి అప్పగించే వీలును 2022 నాటి సవరణ కల్పించింది. అందుకు పరిహారం ఉండదు.

అయితే శాసనం మరణించిన దుప్పి కొమ్ములను కాపాడగలదు గాని దుప్పిని బ్రతికించలేదు. బందీపూర్ అడవి గుండా పోయే జాతీయ రహదారిపై 2009లో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను నిషేధించడం, పెంచ్ ప్రాంతంలో 44వ జాతీయ రహదారి క్రింద జంతువులు దాటేందుకు మార్గాలు నిర్మించడం ఆ ప్రాణరక్షణకై జరిగిన యత్నాలే. చుక్కల జింక తెలంగాణకు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువులు. అడవి దారిలో వేగం తగ్గించి నడిపే ప్రతి చోదకుడూ ఈ చట్టపు ఉద్దేశాన్ని నెరవేర్చినవాడే అవుతాడు.