వేల మంది ఉన్న ఆన్‌లైన్ టౌన్‌హాల్‌లో మీ గొంతు వినపడాలంటే: నా 12 సెకన్లు నేర్పిన పాఠం

ఇయర్‌బడ్స్ రివ్యూ చదివేటప్పుడు మనమందరం బేస్ ఎలా ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, గేమింగ్ మోడ్ ఉందా అనే చూస్తాం. మైక్ గురించి చివర్లో ఒక లైన్ ఉంటుంది, "కాల్ క్వాలిటీ ఓకే" అని. నేనూ అలాగే చూసి కొన్నాను. ఆ ఒక్క లైన్‌ని సీరియస్‌గా తీసుకోనందుకు మా టీమ్‌లో ఎనిమిది మంది ఇంకో మూడు నెలలు ఇంటర్నెట్ బిల్లు సొంత జేబులోంచి కట్టుకున్నాం.

సంగతి ఏంటంటే, మాది సపోర్ట్ టీమ్. క్లయింట్ అమెరికాలో ఉంటాడు కాబట్టి నెలలో రెండు వారాలు నైట్ షిఫ్ట్, అది కూడా ఇంటి నుంచే. హైబ్రిడ్ పాలసీ వచ్చాక కంపెనీ ఇంటర్నెట్ అలవెన్స్ ఆపేసింది. మేనేజర్‌ని అడిగితే "పైన అడగాలి" అన్నారు. ఆ పైన ఉన్నవాళ్లు మాకు కనపడేది మూడు నెలలకోసారి జరిగే టౌన్‌హాల్‌లోనే. దాదాపు మూడు వేల మంది జాయిన్ అయ్యే జూమ్ వెబినార్ అది. టీమ్‌లో జూనియర్లు "అన్నా, నువ్వే అడుగు, నీకైతే ఇంగ్లీష్ బాగా వచ్చు" అని నన్ను ముందుకు తోశారు.

ఆ రోజు ఖమ్మంలో మా ఇంట్లోనే ఉన్నాను. ఇయర్‌బడ్స్ పెట్టుకుని నలభై నిమిషాలు విన్నాను. క్వశ్చన్స్ టైమ్ రాగానే హ్యాండ్ రెయిజ్ చేశా. హోస్ట్ నా పేరు పిలిచింది. సరిగ్గా అప్పుడే గుడికెళ్లిన అమ్మ ఫోన్ చేసింది. నేను అన్‌మ్యూట్ నొక్కి మాట్లాడుతున్నాను, చెవిలో మాత్రం రింగ్‌టోన్ మోగుతోంది. స్క్రీన్ మీద హోస్ట్ పెదాలు కదులుతున్నాయి, ఏమంటోందో నాకు వినపడట్లేదు. తర్వాత రికార్డింగ్ చూస్తే తెలిసింది: మొత్తం 12 సెకన్లు వెయిట్ చేసి, వినపడట్లేదు అని చెప్పి నెక్స్ట్ పర్సన్‌కి వెళ్లిపోయారు. కాల్ బ్యాక్ చేస్తే అమ్మ అడిగింది ఇదీ: "స్టవ్ ఆపావారా?"

అసలు అక్కడ ఏం జరిగింది?

తప్పు అమ్మది కాదు, జూమ్‌ది కూడా కాదు. నా బడ్స్‌లో డ్యూయల్ కనెక్షన్ ఫీచర్ ఉంది. ఒకేసారి ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ కనెక్ట్ అయి ఉంటాయి. కొన్నప్పుడు దీని గురించి ఫ్రెండ్స్ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక ప్రొఫైల్, కాల్ మాట్లాడటానికి ఇంకో ప్రొఫైల్ ఉంటాయి. పాటలకి వాడేది ఏ2డీపీ. ఇందులో సౌండ్ ల్యాప్‌టాప్ నుంచి చెవికి వస్తుంది, అంతే. మైక్ కావాలంటే హెచ్‌ఎఫ్‌పీ అనే ప్రొఫైల్‌కి మారాలి. వెబినార్‌లో మనం అటెండీగా వింటున్నంతసేపు మైక్ ఓపెన్ అవ్వదు కాబట్టి, బడ్స్ దృష్టిలో నేను పాటలు వింటున్నట్టే లెక్క. పాట మధ్యలో ఫోన్ కాల్ వస్తే బడ్స్ ఏం చేస్తాయి? పాట ఆపి కాల్‌కి వెళ్తాయి. వాటి పని అవి కరెక్ట్‌గానే చేశాయి! నేను అన్‌మ్యూట్ నొక్కేసరికి అవి ఫోన్ దగ్గర బిజీగా ఉన్నాయి.

ఫోన్ రాకపోయినా ఇంకో సమస్య ఉంది. హెచ్‌ఎఫ్‌పీకి మారగానే సౌండ్ క్వాలిటీ ఢమాల్‌మని పడిపోతుంది. పాత సీవీఎస్‌డీ కోడెక్ అయితే శాంపిల్ రేట్ 8 కిలోహెర్ట్జ్, ఎంఎస్‌బీసీ అయితే 16. సీడీ ఆడియో 44.1 అని గుర్తుంటే తేడా అర్థమవుతుంది. 8 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లో గొంతులో 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. స, ఫ లాంటి శబ్దాలు ఎక్కువగా ఉండేది అక్కడే. అందుకే ఫోన్‌లో ఎంప్లాయీ ఐడీ చెప్తుంటే అవతలివాళ్లు "ఎఫ్ ఆ, ఎస్ ఆ?" అని రెండుసార్లు అడుగుతారు. మామూలు టీమ్ కాల్‌లో సర్దుకుపోతారు. మూడు వేల మంది ముందు రోబో గొంతుతో మాట్లాడితే ఎవరూ సర్దుకోరు, నెక్స్ట్ అంటారు.

కొత్తగా వస్తున్న ఎల్ఈ ఆడియో, ఎల్‌సీ3 కోడెక్ ఈ బాధ చాలావరకు తీరుస్తాయి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో సపోర్ట్ ఉంది. కాకపోతే ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ హార్డ్‌వేర్, బడ్స్, రెండూ సపోర్ట్ చేయాలి. బాక్స్ మీద బ్లూటూత్ 5.3 అని ఉన్నంత మాత్రాన ఎల్ఈ ఆడియో ఉన్నట్టు కాదు, స్పెసిఫికేషన్స్‌లో విడిగా రాసి ఉందో లేదో చూసుకోండి.

నా సొల్యూషన్ అంత హైటెక్ ఏమీ కాదు. డ్రాయర్‌లో చిక్కులు పడి ఉన్న పాత వైర్ ఇయర్‌ఫోన్ తీశాను. మాట్లాడే అవకాశం ఉన్న ప్రతి పెద్ద మీటింగ్‌కీ ఇప్పుడు అదే. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. ఇయర్‌ఫోన్ గుచ్చగానే కొన్ని ల్యాప్‌టాప్స్‌లో "ఏం కనెక్ట్ చేశారు?" అని పాపప్ వస్తుంది. అక్కడ హెడ్‌ఫోన్ కాదు, హెడ్‌సెట్ సెలెక్ట్ చేయాలి. లేదంటే సౌండ్ ఇయర్‌ఫోన్‌లో వస్తుంది కానీ మైక్ మాత్రం ల్యాప్‌టాప్‌దే పనిచేస్తుంది, ఫ్యాన్ సౌండ్‌తో సహా. ఇంకోటి, వైర్ మీద ఉండే మైక్ షర్ట్ కాలర్‌కి రాసుకుంటే అవతల బరబరా వినపడుతుంది. నేను బట్టల క్లిప్ పెట్టుకుంటాను. కెమెరాలో కనపడదు లెండి.

మీది మీటింగా, వెబినారా?

ఇది ఇన్విటేషన్ రాగానే చూసుకోవాల్సిన విషయం. మామూలు మీటింగ్‌లో మైక్ మన చేతిలో ఉంటుంది. జూమ్ వెబినార్‌లో హోస్ట్ పర్మిషన్ ఇస్తేనే అన్‌మ్యూట్ బటన్ వస్తుంది. టీమ్స్‌లో టౌన్‌హాల్ అని విడిగా ఒక ఫార్మాట్ ఉంది, అందులో మామూలుగా మనం టైప్ చేసి అడగడమే. పైగా అలాంటి బ్రాడ్‌కాస్ట్‌లో మనకి కనపడేది లైవ్ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. క్రికెట్ మ్యాచ్ ఫోన్‌లో చూస్తుంటే పక్కింటి టీవీలో ముందే సిక్స్ అరుపులు వినపడతాయే, అదే కథ. "ఎనీ క్వశ్చన్స్?" అన్నాక టైప్ చేయడం మొదలుపెడితే మీది వెళ్లేసరికి వాళ్లు థాంక్యూ చెప్పేస్తుంటారు.

షార్ట్‌కట్స్ కూడా చేతికి అలవాటు చేసుకోండి. జూమ్‌లో మ్యూట్‌కి ఆల్ట్ + ఏ, హ్యాండ్ రెయిజ్‌కి ఆల్ట్ + వై. టీమ్స్‌లో కంట్రోల్ + షిఫ్ట్ + ఎమ్, కంట్రోల్ + షిఫ్ట్ + కె. గూగుల్ మీట్‌లో మైక్‌కి కంట్రోల్ + డి. మౌస్ వెతుక్కుంటూ పోయే మూడు సెకన్లు అక్కడ చాలా పెద్ద టైమ్.

స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తుంది, అయినా గొంతు ఎందుకు కట్ అవుతుంది?

వాయిస్‌కి కావాల్సిన స్పీడ్ చాలా తక్కువ. జూమ్ తన డాక్యుమెంట్స్‌లో ఆడియోకి 60 నుంచి 80 కేబీపీఎస్ సరిపోతుందని చెప్తుంది. కావాల్సింది నిలకడ. మన గొంతుని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపిస్తారు, అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. సినిమా డౌన్‌లోడ్‌లో ఒక ప్యాకెట్ లేట్ అయితే మళ్లీ తెప్పించుకోవచ్చు. మాటలో లేట్‌గా వచ్చిన ముక్క దేనికీ పనికిరాదు, పారేయడమే.

మీ లైన్ ఎలా ఉందో చూడటానికి యాప్స్ ఏమీ అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ 8.8.8.8 అని కొట్టి, చివర హైఫన్ టీ పెట్టండి. 15, 18, 16 అని వస్తుంటే హ్యాపీ. 15, 240, 18, 310 అని ఎగురుతుంటే ఎక్కడో ఏదో లైన్‌ని నింపేస్తోంది. మా ఇంట్లో అది నా ఫోనే అని తేలింది! అక్క పెళ్లి వీడియోలు గూగుల్ ఫోటోస్‌కి బ్యాకప్ అవుతున్నాయి. అప్‌లోడ్ లైన్ అంతా వాటితో నిండిపోతే నా గొంతు ప్యాకెట్లు వాటి వెనక క్యూలో నిలబడ్డాయి. బ్యాకప్ పాజ్ చేయగానే పింగ్ నార్మల్ అయింది.

ఇక వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని ఛానెల్స్ మూడే ఉంటాయి: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వాడండి. ల్యాన్ కేబుల్ గుచ్చగలిగితే ఇంకా మంచిది, ఆ తర్వాత ఈ చర్చే ఉండదు.

మన ఊళ్లలో కరెంటు సంగతి వేరే చెప్పాలా? ఇన్వర్టర్ ఉన్నా అది మారే ఆ క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అవ్వచ్చు. అప్పుడు నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రౌటర్లకి చిన్న మినీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్ట్స్, ఎన్ని ఆంప్స్ అని ఉందో చూసి దానికి మ్యాచ్ అయ్యేది తీసుకోండి. ఇంకో బ్యాకప్‌గా ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఒకసారి టెస్ట్ చేసి ఉంచుకోండి. హాట్‌స్పాట్ కంటే అది నిలకడగా ఉంటుంది, చార్జింగ్ కూడా అవుతుంది.

రెండోసారి

రికార్డింగ్ మళ్లీ చూసినప్పుడు ఇంకో విషయం అర్థమైంది. ఆ 12 సెకన్లు మైక్ పనిచేసి ఉన్నా నా క్వశ్చన్ పూర్తయ్యేది కాదు. గుడ్ ఆఫ్టర్‌నూన్ ఆల్, థాంక్స్ ఫర్ ది ఆపర్చునిటీ, ఈ క్వార్టర్ రిజల్ట్స్ చాలా బాగున్నాయి... దీనికే అయిపోయింది టైమ్.

ఈసారి ముందే నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాను. అడిగింది ఇంగ్లీష్‌లోనే, తెలుగులో చెప్తే ఇదీ: "మేం ఎనిమిది మంది నెలకి రెండు వారాలు ఇంటి నుంచి నైట్ షిఫ్ట్ చేస్తున్నాం. ఆ వారాల్లో ఆఫీస్‌కి రావడానికి మాకు ఆప్షన్ లేదు. ఆ వారాలకైనా ఇంటర్నెట్ అలవెన్స్ తిరిగి ఇస్తారా?" చదివితే 20 సెకన్ల లోపే. అవును, కాదు, చూస్తాం, ఈ మూడిట్లో ఒకటి చెప్పక తప్పని ప్రశ్న.

మీటింగ్ మొదలైన ఐదు నిమిషాల్లోనే దాన్ని క్వశ్చన్ అండ్ ఆన్సర్ బాక్స్‌లో పెట్టాను. మా వాళ్లు ఎనిమిది మందీ, ఇంకో సపోర్ట్ టీమ్ వాళ్లూ అప్‌వోట్ కొట్టారు. పైన ఉన్నవే చదువుతారు మరి. అనానిమస్‌గా పెట్టే ఆప్షన్ ఉంది కానీ నేను పేరుతోనే పెట్టాను. నైట్ షిఫ్ట్, ఎనిమిది మంది అని రాశాక అది ఎవరి టీమో కనిపెట్టడానికి పెద్ద డిటెక్టివ్ అక్కర్లేదు కదా.

ముందురోజే అమ్మకి చెప్పాను: "అమ్మా, రేపు నాలుగింటి నుంచి ఐదున్నర దాకా నాకు ఫోన్ చెయ్యొద్దు." "ఇంట్లోనే ఉంటాను కదరా, ఫోన్ ఎందుకు చేస్తాను?" అంది. అయినా ఫోన్‌లో బ్లూటూత్ ఆఫ్ చేశా, బడ్స్‌ని కేస్‌లో పెట్టేశా. హోస్ట్ నా క్వశ్చన్ చదివి, నన్నే మాట్లాడమంది. ఆల్ట్ + ఏ నొక్కి, హోస్ట్ "యెస్, వినపడుతోంది" అనేదాకా ఆగి, నోట్‌ప్యాడ్ చూసి చదివేశాను. వంటింట్లో కుక్కర్ ఒక విజిల్ వేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

హెచ్‌ఆర్ హెడ్ "చూస్తాం" అన్నారు. మూడు వారాల తర్వాత మెయిల్ వచ్చింది, నైట్ షిఫ్ట్ వారాలకి అలవెన్స్ ఇస్తామని, ఆ నెల నుంచి. పాత నెలల డబ్బుల గురించి అందులో ఒక్క ముక్క లేదు. మా జూనియర్ ఒకడు వెంటనే పింగ్ చేశాడు: "అన్నా, నెక్స్ట్ టౌన్‌హాల్ డేట్ ఎప్పుడు?" నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైల్ ఓపెన్ చేశాను.