దంతాల తెలుపు – దంతాల ఆరోగ్యం

పలువరుసను ముత్యాలతో పోల్చడం తెలుగు కవులకూ, ఉర్దూ కవులకూ సమానంగా ఉన్న అలవాటు. కవిత్వంలో ఆ పోలికకు ఆక్షేపణ లేదు. కాని తెల్లని దంతాలు గలవాడు ఆరోగ్యవంతుడనీ, పచ్చని దంతాలు గలవాడు శుభ్రత ఎరుగనివాడనీ మనం చేసే నిర్ణయం శాస్త్రపరీక్షకు నిలువదు.

దంతానికి పైకవచమైన ఎనామిల్ మానవశరీరంలో అన్నింటికంటె కఠినమైన పదార్థం. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజ లవణాలే. అయినను అది కొంత వెలుతురును లోనికి పోనిస్తుంది. దాని దిగువనున్న డెంటిన్ పొర స్వభావసిద్ధంగా లేత పసుపు. కనుక మన కంటికి కనబడే వన్నె చాలవరకు ఆ లోపలి పొరదే. వయసు మీరిన కొలదీ ఎనామిల్ అరిగి పలుచబడగా పసుపు మరింత బయటపడుతుంది. దీనిని రోగమనడానికి వీలు లేదు.

ఇక దంతక్షయం మాట. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెర నుండి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌లోని ఖనిజాన్ని కరిగించినపుడు మొట్టమొదట ఏర్పడేది సుద్దవంటి తెల్లని మచ్చ! నలుపు తరువాత వస్తుంది. రెండు దంతాల నడుమ పుట్టిన క్షయమైతే అద్దంలో కనబడనే కనబడదు. చిగుళ్ల వ్యాధి కూడా తరచు నొప్పి లేకుండానే దంతాన్ని పట్టియుంచే ఎముకను తినివేస్తుంది. పళ్లు తోముకొనునపుడు కనిపించే రక్తమే దాని తొలి హెచ్చరిక.

ఈ విషయంలో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణ చరిత్ర మిక్కిలి బోధప్రదమైనది. 1901లో అక్కడికి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు స్థానికులలో అనేకుల దంతాలపై గోధుమరంగు మరకలను చూచాడు. ప్రఖ్యాత దంతశాస్త్రజ్ఞుడు జి.వి. బ్లాక్‌తో కలిసి పరిశోధించగా, ఎనామిల్ రూపొందే బాల్యంలోనే ఈ లోపం ఏర్పడుతుందనీ, పెద్దయిన తరువాత ఆ ఊరు చేరినవారికి రాదనీ తేలింది. ఆశ్చర్యమేమంటే, చూడ వికారమైన ఆ దంతాలు అంత సులభంగా పుచ్చిపోవడం లేదు! కారణం త్రాగునీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో రసాయన శాస్త్రజ్ఞుడు హెచ్.వి. చర్చిల్ కనుగొన్నాడు. స్వల్ప మోతాదులో అదే ఫ్లోరైడ్ దంతరక్షకమని గ్రహించి, 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో దానిని త్రాగునీటిలో కలపడం ప్రారంభించారు.

ఈ మరక మనకు అపరిచితం కాదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాలలోని పలు గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ అధికం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మోతాదు బాగా మించితే ఎనామిల్ గుంటలుపడి పెళుసవుతుంది. ఏళ్ల తరబడి అట్టి నీరే త్రాగినవారికి ఎముకలు వంగి, కీళ్లు బిగుసుకుపోతాయి. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే ఒక పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడిందంటే అక్కడి బాధ ఎంతటిదో ఊహించవచ్చు.

అట్టి గ్రామం నుండి వచ్చిన విద్యార్థి నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వుతాడు. తోటివారు "పళ్లు తోముకోవా?" అని పరిహసిస్తారు. అతడు చిన్ననాడు త్రాగిన బావినీటిని గూర్చి తప్ప అతని అలవాట్లను గూర్చి ఆ మరక ఏమీ చెప్పదు. పరిహాసం భరించలేక ఇటుకపొడితోనో, బొగ్గుపొడితోనో గట్టిగా రుద్దేవారున్నారు. మరక ఎనామిల్‌లోనే ఇమిడి యున్నది గనుక అది పోదు. ఎనామిల్ మాత్రం అరిగి, చన్నీళ్లు తగిలినా పళ్లు జివ్వుమంటాయి. అరిగిన ఎనామిల్ మరల పెరగదు.