జాడీ తేల్చుకున్నాకే గింజ

మాదన్నపేట,
హైదరాబాదు.

చిరంజీవికి,

ఇంటి మిద్దె మీద దోసపాదు పెట్టి, ఆ కాయలతోనే ఊరగాయ పట్టాలని సంకల్పించినవారు విత్తనాల దుకాణానికి వెళ్లే ముందే ఒక విషయం తేల్చుకోవాలి: జాడీలోకి వెళ్లవలసినది ఏ ఊరగాయ? దోసావకాయకు ఒక దోస, ఉప్పునీటిలో ఊరవేయడానికి మరొక దోస, తొక్కుకూ ఒరుగులకూ ఇంకొక దోస పనికివస్తాయి. వీటి కోత ఈడు గాని, పాదు అడిగే చాకిరీ గాని ఒక్కటి కావు. ఈ నిర్ణయం చేసుకోకుండా పొట్లం మీది బొమ్మ చూసి గింజలు కొన్నవారికి పాదు నిండా కాయలు కాసినా, ఊరగాయకు పనికివచ్చే కాయ దొరకకపోవచ్చు.

తెలుగు వంటింట్లో దోస అనిపించుకునే కాయలన్నీ ఒకే మొక్కవి కావు. పప్పులోకీ ఆవకాయలోకీ వాడే గుండ్రని పసుపు దోస ఖర్బూజాతో పాటు ‘కుకుమిస్ మెలో’ అనే జాతికి చెందినది కాగా, పచ్చిగా తినే కీరదోస ‘కుకుమిస్ సటైవస్’ అనే వేరే జాతి. తెలంగాణ పల్లెల్లో తొక్కుగానూ, ఎండబెట్టి నిలవచేసే ముక్కలైన ఒరుగులుగానూ వాడే బుడమకాయ పసుపు దోసకు దగ్గరి చుట్టం. సీసాలో వెనిగర్‌లో తేలే వేలెడంత గెర్కిన్ మాత్రం కీరదోస జాతిలోదే. లేతగా ఉండగానే కోసి ఊరవేయడానికి ఎంపిక చేసిన రకం.

గెర్కిన్ మన ప్రాంతానికి ఒప్పంద సేద్యం ద్వారా వచ్చిన పంట. కంపెనీ ముందుగానే రైతుతో ధర మాట్లాడుకుని, విత్తనమూ సలహాలూ ఇచ్చి, పంటను తానే కొనే ఈ పద్ధతిలో గెర్కిన్ సాగు 1990ల తొలినాళ్లలో కర్ణాటకలో చిన్నగా మొదలై, ఆ తరువాత తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు విస్తరించింది. కేంద్ర వాణిజ్య శాఖ లెక్కల ప్రకారం 2020-21లో భారతదేశం 2,23,515 టన్నుల గెర్కిన్, నిలవ దోస ఎగుమతి చేసి 22.3 కోట్ల డాలర్లు ఆర్జించింది. దేశంలో మాత్రం దాని వాడకం అతి స్వల్పం. ఈ పంటకు ప్రతిరోజూ కోత తప్పదు, ఎందుకంటే ఒక్క రోజు ఆలస్యమైనా కాయ సైజు మించిపోతుంది. పైగా ఒకటి రెండు పాదుల నుంచి సీసాకు సరిపడా ఒకే సైజు కాయలు ఒకే రోజున దొరకవు. అందువల్ల మిద్దె మీద తొలి ఏడాది పెంచేవారికి పసుపు దోసే తగినది.

హైదరాబాదు వాతావరణంలో పసుపు దోసను ఏటా రెండుసార్లు విత్తవచ్చు. మృగశిర కార్తె ప్రవేశించే జూన్ రెండవ వారం నుంచి జూలై వరకు వానాకాలపు అదను, చలి తగ్గుముఖం పట్టే జనవరి చివరి నుంచి ఫిబ్రవరి వరకు వేసవి పంట అదను. డిసెంబరు చలిలో గింజ మొలవడానికి తడబడుతుంది. మార్చి దాటాక విత్తితే పూత వచ్చే వేళకు ఎండ 40 డిగ్రీలు దాటి, మగ పువ్వులు మిక్కిలిగా వచ్చి పిందెలు నిలవవు. ఆవకాయ పట్టే ఉద్దేశం ఉన్నవారు ఫిబ్రవరిలో విత్తితే, కొత్త కారం, కొత్త ఆవాలు ఇంటికి చేరే ఏప్రిల్ నాటికి కాయ చేతికి వస్తుంది.

కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీద కూరగాయలు పండించిన అనుభవంతో ‘మిద్దెతోట’ అనే పుస్తకం రాసిన తరువాత నగరంలో ఈ అలవాటు బాగా వ్యాపించింది. అయితే పాతబస్తీలో మిద్దెలన్నీ ఒకే కాలానివి కావు. ఇనుప దూలాల మీద రాతిబండలు పరచిన పాత కప్పు మీద, కాంక్రీటు స్లాబు మీద మోపినంత బరువు మోపకూడదు. తడిసిన మట్టి ఘనపుటడుగుకు దాదాపు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది కనుక కుండీలను కప్పు నడుమ గాక, గోడల మీదుగా బరువు దిగే అంచుల వెంబడి పెట్టాలి. పాదుకు 20 లీటర్ల బకెట్టు చాలు, అడుగున నాలుగైదు రంధ్రాలు ఉండాలి. రెండు పాళ్ల ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి చేరిస్తే మట్టి తేలికగానూ సారవంతంగానూ ఉంటుంది. ఇరుకు సందుల్లో పొరుగు అంతస్తుల నీడ పడుతుంది కాబట్టి, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే మూలను ముందే గుర్తించుకోవాలి.

గింజలను రాత్రి నానబెట్టి, ఉదయం శిలీంధ్ర తెగుళ్లను అదుపుచేసే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రపు పొడిని పట్టించి, ఒక్కో కుండీలో మూడేసి, వేలి మొదటి కణుపులో సగం లోతున నాటాలి. దోసజాతి వేరు కదిలితే ఓర్చుకోదు. అందుచేత నారు పోసి పీకి నాటడం కంటే నేరుగా కుండీలో విత్తడమే మేలు. వెచ్చని రోజుల్లో నాలుగైదు రోజులకే మొలక వస్తుంది. రెండు అసలు ఆకులు వేసిన తరువాత బలమైన మొక్కను ఉంచి, తక్కినవాటిని పెరకకుండా కత్తిరించాలి. తీగను పందిరికి ఎక్కిస్తే కాయ నేల తగలక శుభ్రంగా ఉంటుంది, తెగుళ్లూ తగ్గుతాయి.

దోసావకాయకు ప్రధాన శత్రువు చేదు. దోసజాతి మొక్కలలో సహజంగా ఉండే కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు చేదుకు కారణం; ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తే నీటి పద్ధతి, తీవ్రమైన ఎండ వీటిని పెంచుతాయి. కనుక రోజూ ఉదయం ఒకే వేళకు, మట్టి అడుగు వరకు తడిసేటట్లు నీరు పోయాలి. బోరు నీరు వాడేచోట కుండీ పైన తెల్లని ఉప్పుపొర కనబడితే వాననీటితో ఒకసారి మట్టిని బాగా కడగాలి.

తొలుత పూసినవి రాలిపోతున్నాయని కంగారుపడనవసరం లేదు, అవి మగ పువ్వులు. కాయ అయ్యే పువ్వుకు అడుగున చిన్న పిందె ముందే కనబడుతుంది. తేనెటీగలు రాని మిద్దె మీద, ఉదయం తొమ్మిది లోపల మగ పువ్వు రేకలు తీసివేసి, పుప్పొడిని పిందె ఉన్న పువ్వు మధ్యభాగానికి అద్దాలి.

తెగుళ్ల విషయంలో మూడు సంగతులు గుర్తుంచుకుంటే సగం నష్టం తప్పుతుంది. మొదటిది, మొలక ఆకులను తూట్లుపొడిచే గుమ్మడి పెంకుపురుగును పొద్దున్నే మందకొడిగా ఉన్నప్పుడు చేత్తో ఏరివేయాలి. రెండవది, పిందెకు గాటుపెట్టి లోపల గుడ్లు పెట్టే పండు ఈగను క్యూ-లూర్ ఎర ఉన్న బుట్టతో పట్టాలి. మామిడితోటల్లో కట్టే మిథైల్ యూజినాల్ ఎరకు ఈ ఈగ రాదు. మూడవది, ఆకుల మీద తెల్లని బూడిద తెగులు కనబడినంత మాత్రాన గంధకం చల్లకూడదు, ఎందుకంటే దోసజాతి ఆకులు దానికి మాడిపోతాయి. మొదట సోకిన ఆకులను తుంచివేసి గాలి ఆడనివ్వాలి.

విత్తిన రెండు నెలల ప్రాంతంలో కాయ ఆకుపచ్చ విడిచి పసుపుకు తిరిగే తరుణం వస్తుంది. కండ గట్టిగా ఉండి, లోపల ఇంకా నీరు పట్టని ఈ ఈడే ఆవకాయకు సరైనది. పూర్తిగా పండినది మెత్తబడి జాడీలో జావ అవుతుంది. ప్రతి కాయను కోయగానే చిన్న ముక్క నోట వేసుకుని, చేదుగా ఉంటే దాన్ని నిర్దాక్షిణ్యంగా పారవేయాలి, ఎందుకంటే బాగా చేదైన దోస కడుపుకు హాని చేస్తుంది, ఉప్పూ కారమూ ఆ చేదును కప్పలేవు. కాయను కడిగి, తడి లేకుండా తుడిచి, తొక్కతోనే ముక్కలు కోసి, నాలుగు గిన్నెల ముక్కలకు సుమారు అర గిన్నె చొప్పున ఆవపిండి, కారం, నువ్వుల నూనె, అంతకంటే కొంచెం తక్కువ ఉప్పు కలపాలి. ఒకటి రెండు రోజులకే ఊట వస్తుంది. దోసలో నీరు మిక్కుటం, మామిడికి ఉన్న పులుపు లేదు. అందువల్ల ఇది ఏడాది ఊరగాయ కాదు, కొద్దిరోజుల్లో తినవలసినది. కాబట్టి పాదులన్నీ ఒకేసారి విత్తకుండా, పదిహేను రోజుల ఎడంతో రెండు విడతలుగా విత్తడం తెలివైన పని.

చివరగా విత్తనం సంగతి. మాదన్నపేట మండీలో కొన్న కాయ గింజ మొలవవచ్చు గాని, అది సంకరజాతిదైతే పిల్ల పాదు తల్లి గుణం చూపదు. అందువల్ల తొలిసారి సంకరం కాని రకాన్ని అడిగి తెచ్చుకోవాలి. పక్కన ఖర్బూజా గాని బుడమ గాని పూస్తే ఈ ఏటి కాయ రుచి మారదు, దానిలోని గింజ మాత్రం మిశ్రమం అవుతుంది. కీర ఎంత దగ్గరగా ఉన్నా ఆ భయం లేదు. ఆరోగ్యమైన పాదు మీద ఒక కాయను బాగా పండనిచ్చి, గింజలను గుజ్జుతో సహా ఒకరోజు పులియనిచ్చి, కడిగి, నీడన ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న సీసాలో దాచాలి. అంగట్లో కాయ ఏడాది పొడవునా దొరుకుతుంది కాబట్టి దోస పెంచడం అవసరం కాదు, ఇష్టం. ఆ ఇష్టం ఒక వేసవితో ఆగిపోకుండా ఉండాలంటే చిరంజీవి మొదటి కోతలోనే అన్నిటికంటే మంచి కాయను ఆవకాయకు కాక విత్తనానికి విడిచిపెట్టాలి.

ఇట్లు,
ఆశీస్సులతో,
పెదనాన్న.