సందేహాలు – సమాధానాలు: గల్లాలో చెయ్యి

ఈ వారం ఉత్తరాల్లో సగానికి పైగా కాజీపేట, ఆ చుట్టుపక్కల నుంచే వచ్చాయి. అన్నీ తిరిగి తిరిగి అలవాట్ల దగ్గరికే చేరుతున్నాయి కాబట్టి ఒకేచోట జవాబులిస్తున్నాను. ఊరూ పనీ చాలు, పేర్లు అక్కర్లేదు.

ప్రశ్న: మాది రైల్వే క్వార్టర్ల దగ్గర కిరాణా దుకాణం. నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూస్తున్న. గిరాకీకి కొదువ లేదు. అయినా హోల్‌సేల్ సేటుకు కట్టే రోజు వస్తే చేతిల పైసలుండవు. వీడియోలు చూసి పొద్దున ఐదుకు లేచుడు, డైరీ రాసుడు మొదలుపెట్టి మానేసిన. ఏ అలవాటు మార్చుకుంటే దుకాణం బాగుపడుతది? – కిరాణా వ్యాపారి, కాజీపేట

జవాబు: మీరు ఐదుకు లేచినా ఎనిమిదికి లేచినా సేటుకు ఒరిగేదేమీ లేదు. మార్చాల్సింది నిద్ర కాదు, గల్లాలోకి పోయే చెయ్యి. ఒక్క రోజు మీ తమ్ముణ్ణో బామ్మర్దినో పక్కన కూర్చోబెట్టి, మీ చెయ్యి గల్లాలోకి పోయినప్పుడల్లా రాయమనండి. పాలవాడికి అందులోంచే. బండి పెట్రోలుకు అందులోంచే. పిల్ల స్కూల్ ఆటోకు, గణపతి చందాకు, ఎవరో వస్తే ఛాయ్‌కి, అన్నీ అందులోంచే. వీటిలో ఒక్కటీ దుబారా కాదు. అందుకే ఒక్కటీ గుర్తుండదు.

ఐదొందల సరకు అమ్మితే గల్లాలో ఐదొందలు పడతాయి. అందులో మీది నలభయ్యో యాభయ్యో. మిగతాది సేటు సొమ్ము, రాత్రికి మీ దగ్గర పడుకోవడానికి వచ్చిన చుట్టం లాంటిది. దాంతో ఇంటి ఖర్చు నడిపి, నెలాఖరుకు వెతుక్కుంటున్నారు.

కాబట్టి మీకు మీరే జీతం పెట్టుకోండి. వారానికి ఇంత అని తేల్చుకుని, ఆదివారం రాత్రి గల్లా లెక్క చూసుకున్నాక ఆ మొత్తం తీసి ఇంట్లో ఇచ్చేయండి. పాలవాడు ఇక ఇంటికే వెళ్తాడు. మొదటి వారం బుధవారానికే డబ్బు అయిపోతుంది, ఇంట్లో చిన్న గొడవా అవుతుంది. కానివ్వండి. ఇల్లు ఎంతకు నడుస్తోందో మీ ఇద్దరికీ తెలిసేది అప్పుడే. ఫోన్ సంగతీ ఇదే. కౌంటర్ మీద స్కానర్‌కు పడే డబ్బూ, మీ బండి కిస్తీ కట్ అయ్యేదీ ఒకే బ్యాంకు ఖాతా అయితే ముందు దాన్ని విడదీయండి. గల్లాలో చెయ్యి పెడితే కనీసం చప్పుడవుతుంది, ఫోన్‌లో అదీ ఉండదు.

ఇక రెండోది ఉద్దెర. మీరు రాయలేదు గానీ, క్వార్టర్ల దగ్గర దుకాణమంటే జీతం పడేదాకా ఉద్దెర తప్పదు. ఇక్కడ మీకు నేర్పడానికి నాకంటే అర్హులు రోజూ మీ దుకాణానికే వస్తారు. లోకో పైలట్లను అడగండి. ఇంజిన్‌లో ఇద్దరుంటారు, సిగ్నల్ ఇద్దరికీ కనిపిస్తుంది. అయినా దాని రంగేమిటో ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. భారతీయ రైల్వే జనరల్ రూల్స్‌లో 3.83వ నిబంధన అదే చెబుతుంది. ఇరవై ఏళ్ల సర్వీసున్నవారికీ మినహాయింపు లేదు. నిజానికి వారికే అది ఎక్కువ అవసరం. వేలసార్లు చూసిన సిగ్నల్‌ను కన్ను చూస్తుంది, మనసు చూడదు. జపాన్ రైల్వేలో అయితే వేలు చూపించి మరీ చెబుతారు. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ పరీక్షించి చూస్తే, మామూలుగా వంద పనులకు 2.38 తప్పులు జరిగే చోట, వేలు చూపి పైకి చెప్పినప్పుడు 0.38 మాత్రమే జరిగాయి.

మీరూ అంతే చేయండి. ఉద్దెర సరకు చేతికిచ్చే ముందు "కిలో కందిపప్పు, అరలీటరు నూనె, రెండు సబ్బులు" అని గిరాకీ వినేలా చదువుతూ ఖాతాలో రాయండి. మొత్తం కూడా పైకే చెప్పండి. "రాత్రి తీరిగ్గా రాసుకుందాం" అన్న ఖాతాలో సబ్బులు ఎప్పుడూ ఉండవు. పుస్తకం గల్లా మీదే ఉండాలి, పెన్ను దారంతో కట్టి ఉండాలి. తమను నమ్మట్లేదని ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే, మతిమరుపు మీదని చెప్పండి. జీతాల రోజు "ఇంతెట్లయింది?" అనే పేచీ సగం తగ్గుతుంది.

ప్రశ్న: శుక్రవారం నేను ఉద్దెర ఇవ్వను. ఏ రోజైనా దీపాలు పెట్టాక డబ్బులు చేతికివ్వను. మా అబ్బాయి బీటెక్. ఈ మూఢనమ్మకాలతోనే వ్యాపారం ఎదగట్లేదంటాడు. మానెయ్యాలా? – స్టీలు సామాను దుకాణం, మడికొండ

జవాబు: మానకండి. నమ్మకం సంగతి లక్ష్మీదేవికీ మీ అబ్బాయికీ వదిలేద్దాం. వ్యాపారంగా చూస్తే, వాదన లేకుండా కాదనే వీలు మీకా ఆనవాయితీ వల్ల దొరికింది. శుక్రవారం ఉద్దెర లేదంటే ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే ఆ మాట వారిని చూసి అన్నది కాదు. మిగతా ఆరు రోజులకూ అలాంటిదొకటి పెట్టుకోండి: పాత బాకీ రెండు వేలు దాటితే అది కట్టాకే కొత్త సామాను. బోర్డు మీద రాయించి, చుట్టాలకు కూడా అదే చూపించండి. బోర్డు రాసే పని మీ అబ్బాయికే అప్పజెప్పండి.

ప్రశ్న: నేను బండ్ల మెకానిక్‌ను. ప్రతి యేడు అయ్యప్ప మాల వేస్త. 41 రోజులు సిగరెట్టు, మందు ముట్ట. చీకటితోనే లేస్త, షెడ్డు టైముకు తీస్త, గిరాకీ కూడా పెరుగుతది. మాల తీసినంక వారం తిరగకముందే అన్ని మొదటికొస్తయి. ఏదైనా 21 రోజులు చేస్తే అలవాటైతదంటరు. నాకు 41 కూడా సరిపోకపాయె. నాల లోపమేంది? – సోమిడి

జవాబు: ముందు ఆ 21 సంగతి చెప్తాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశాడు. ఆపరేషన్ అయినవారు అద్దంలో తమ కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని అందులో అన్నాడు. ప్రచారంలో 'కనీసం' రాలిపోయింది, మొహం కూడా రాలిపోయింది, 21 మిగిలింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పెట్టి చూసింది. ఒక పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మంచినీళ్లు తాగడం లాంటివి తొందరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యమైంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదనీ తేలింది. ఒక రోజు తప్పగానే ఇక అయిపోయిందని వదిలేసేవారు ఈ వాక్యం మళ్లీ చదువుకోవాలి.

మీ విషయంలో అసలు కీలకం రోజుల లెక్క కాదు. మాల వేసుకున్నాక ఏమేం మారాయో చూడండి. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, చాప మీద పడక, చన్నీళ్ల స్నానం, సాయంత్రమైతే పీఠం దగ్గర భజన. కన్నతల్లి కూడా 'స్వామీ' అనే పిలుస్తుంది. రోజూ కూర్చోబెట్టే దోస్తులు ఆ 41 రోజులూ ఫోన్ చేయరు, చేసినా గ్లాసు ముందుకు తొయ్యరు. మీ వాడకట్టంతా మిమ్మల్ని పట్టుకుని నిలబెడుతోంది. మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒకేసారి పోతాయి, దోస్తులు మాత్రం అక్కడే ఉంటారు. కొన్నిచోట్ల మాల తీసే రోజుకే దావత్ సిద్ధంగా ఉంటుందని మీకు నేను చెప్పాలా!

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు చాలామంది హెరాయిన్‌కు బానిసలయ్యారు. వారు తిరిగొచ్చాక లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంబడించి చూస్తే, అలా బానిసలైనవారిలో మొదటి ఏడాదిలో మళ్లీ ఆ స్థితికి జారినవారు 5 శాతం దగ్గరే ఉన్నారు. మందు దొరికే చోటు, ఆ తోడు, ఆ భయం అక్కడే ఉండిపోయాయి. వారికి ఊరు మారింది కాబట్టి అలవాటు తెగింది. మీకు పాత ఊరే తిరిగొస్తోంది కాబట్టి పాత అలవాటూ వస్తోంది.

ఈసారి మాల తీసే ముందే దీక్షలోంచి మూడు ముక్కలు దాచుకోండి. భజనకు పోయే గంట ఖాళీ అయితే అందులోకి మందే వస్తుంది. ఆ గంటకు బండ్ల డెలివరీలు పెట్టుకోండి. మీ గల్లీలోనే ఉన్న ఇంకో స్వామితో పొద్దుటి లేవడం కొనసాగించండి, నాలుగున్నర అక్కర్లేదు, ఆరు చాలు. మొదటి గిరాకీకి ముందురోజే "ఏడింటికి రా అన్నా" అని చెప్పండి. షట్టర్ ముందు మనిషి నిలబడితే లేవక తప్పదు.

ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, కొందరికి ఫిట్స్ రావడం కూడా జరుగుతుంది. మాల వేసిన మొదటి రెండు మూడు రోజుల్లో మీకలా అవుతుంటే అది అలవాటు కాదు, వైద్యం కావాల్సిన జబ్బు. వెంటనే డాక్టరును చూడండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

ప్రశ్న: మా ఆయన గూడ్స్ లోకో పైలట్. కాల్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకసారి రాత్రి రెండింటికి, ఒకసారి మధ్యాహ్నం. నేను ఇంట్లోనే సకినాలు, గరిజలు ఆర్డర్ల మీద చేస్తాను. రోజూ ఒకే టైముకు పని చేయడం అలవాటు చేసుకోమంటారు అందరూ. మా ఇంట్లో ఒకే టైమనేదే లేదు. – డీజిల్ కాలనీ, కాజీపేట

జవాబు: అమ్మా, ఆ సలహా ఇచ్చేవారెవరి ఇంట్లోనూ రాత్రి రెండింటికి క్యారియర్ కట్టి ఉండరు. గడియారాన్ని వదిలేయండి, వరసను పట్టుకోండి. మీ ఆయన ఉద్యోగం నడిచేదీ అలాగే. అర్ధరాత్రి అయినా మిట్టమధ్యాహ్నం అయినా లాబీకి పోవడం, ఊపిరి పరీక్ష, సంతకం, ఇంజిన్ చూసుకోవడం, ఏదీ తప్పదు. టైము రోజుకొకటి, వరస మాత్రం ఒకటే.

మీ ఇంట్లో కచ్చితంగా జరిగే ఘటనలు రెండు: ఆయన వెళ్లడం, ఆయన వచ్చి పడుకోవడం. పనిని చప్పుడును బట్టి రెండుగా విడదీయండి. ఆయన వెళ్లాక గేటు వేసి లోపలికి రాగానే బియ్యం నానబెట్టండి, పగలైతే నానిన వాటిని పిండి పట్టించుకు రండి. గిన్నెలు, మూకుడు, గ్యాస్ పని, ఆర్డర్ల ఫోన్లు కూడా ఆ పూటే. ఆయన నిద్రపోతున్నప్పుడు చప్పుడు లేనివి: నువ్వులు చెరగడం, గుడ్డ పరిచి సకినాలు చుట్టడం, వేయించి చల్లారినవి ప్యాక్ చేయడం, లెక్క రాయడం. ఎనిమిది గంటలో అంతకు మించో డ్యూటీ చేసి వచ్చినవారికి ఇంటి దగ్గర 16 గంటల విశ్రాంతి నిబంధనల్లో ఉంది కాబట్టి ఆ పూట మీకు చుట్టడానికి బోలెడు సమయం. ఆర్డర్ తీసుకునేటప్పుడు మాత్రం "రేపు సాయంత్రం" అనకండి, "ఎల్లుండి" అనండి. ఆ మధ్యలో ఒక రాకా ఒక పోకా పడే అవకాశం ఎక్కువ.

ఒక మాట అడగకుండానే చెబుతున్నాను. మీ నిద్ర ఎవరి లెక్కలోనూ లేదు. ఆయన పడుకున్న మొదటి రెండు గంటలు మీరూ పడుకోండి, సకినాలు ఆగుతాయి.

ప్రశ్న: బ్లౌజులు కుడతాను. పెళ్లిళ్ల సీజన్‌లో చెప్పిన తేదీకి ఎప్పుడూ ఇవ్వలేను. కుట్టే సమయానికి లైనింగ్ తడిపి ఉండదు, ఒక్కోసారి కరెంటు ఉండదు. గిరాకీ పక్క దుకాణాలకు పోతోంది. తొందరగా కుట్టడం ఎలా అలవాటు చేసుకోవాలి? – ఫాతిమానగర్

జవాబు: మీరు తొందరగానే కుడుతున్నారు. తేదీ తొందరగా చెప్తున్నారు, అదీ చిక్కు. పూర్వం మన ఊళ్లలో ఇంటి గోడ మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవారు. టైలర్ల దుకాణాల్లో ఆ మాట ఇంకా నడుస్తోంది. ఇది మీ ఒక్కరి జబ్బు కాదు లెండి. కెనడాలో కాలేజీ విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లకు పూర్తి చేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లని అడిగినా 49 దగ్గరే ఆగారు. 1994లో అచ్చయిన పరిశోధన ఇది.

మీ పాత రసీదులు ఇరవై తీయండి. చెప్పిన తేదీ, ఇచ్చిన తేదీ పక్కపక్కన రాసి, సగటున ఎన్ని రోజులు జరిగిందో చూసి, ఇక నుంచి చెప్పే తేదీకి అన్ని రోజులు కలపండి. రోజుకు ఎన్ని కుట్టగలరో అన్ని గీతలే ఉన్న నోటుబుక్కు పెట్టుకోండి. గీతలు నిండితే మర్నాటి పేజీయే. తేదీ చెప్పేటప్పుడు గిరాకీ మొహం చూడకండి, ఆ పేజీ చూడండి. పెళ్లి బ్లౌజయితే ముహూర్తం ఎప్పుడో అడిగి, నాలుగు రోజుల ముందే ఇచ్చేలా రాసుకోండి, వదులూ బిగుతూ సరిచేయడానికి. లైనింగ్ గుడ్డ మాత్రం తీసుకున్న సాయంత్రమే నీళ్లలో వేసేయండి. మీ ఉత్తరం చదివితే సగం ఆలస్యం అక్కడే కనిపిస్తోంది.