భీష్ముడు అడిగిన దిండు

భీష్మ ఏకాదశి వీడియో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అంపశయ్య ఘట్టం దగ్గర కాస్త ఆగి "దీని గురించి బ్లాగ్‌లో విడిగా రాస్తాను" అన్నాను. రాయడానికి మూడు వారాలు పట్టింది. ఎందుకంటే ఇది రాయాలంటే మా తాతయ్య గురించి కూడా రాయాలి.

ముందు ఆ ఘట్టం. యుద్ధం పదో రోజున భీష్ముడు పడిపోయాడు. ఒంటినిండా బాణాలే, ఒళ్ళు నేలకి తగల్లేదు. తల మాత్రం ఆధారం లేక వేలాడుతోంది. దిండు కావాలన్నాడు. చుట్టూ ఉన్న రాజులు పరుగెత్తుకెళ్ళి మెత్తటి, ఖరీదైన దిండ్లు తెచ్చారు. ఆయన నవ్వి, ఇవి వద్దన్నాడు. అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడు మూడు బాణాలు వేసి, తల వాటి మీద ఆనేలా చేశాడు. తాతగారికి కావాల్సింది అదే. తర్వాత దుర్యోధనుడు బాణాలు తీయడంలో ఆరితేరిన వైద్యుల్ని తీసుకొచ్చాడు. భీష్ముడు వాళ్ళకి సత్కారం చేసి పంపించెయ్యమన్నాడు. మర్నాడు మంచినీళ్ళు అడిగినప్పుడూ ఇంతే. రాజులు చల్లటి నీళ్ళ కుండలూ, తినడానికి పదార్థాలూ తెచ్చారు. ఆయన మళ్ళీ అర్జునుణ్ణే పిలిచాడు.

చిన్నప్పుడు ఈ కథలో నాకు నచ్చింది నేలలోంచి నీళ్ళు తెప్పించిన బాణం. ఇప్పుడు చదువుతుంటే దుర్యోధనుడి దగ్గర ఆగిపోతున్నాను. ఆ వైద్యుల్ని తేవడంలో అతని తప్పేం లేదు. తాతగారంటే ప్రేమ, భయం. కాకపోతే తాతగారిని అడగలేదు. నేనూ అదే పని చేశాను.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, తెనాలి దగ్గర పల్లెటూళ్ళో టీచర్‌గా చేసి రిటైరయ్యారు. 84 ఏళ్ళు వచ్చేసరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, గుండె కూడా బలహీనం. "నాకు గొట్టాలు పెట్టి పడుకోబెట్టకండి, మన పంచలోనే పోతాను" అని చాలాసార్లు అన్నారు. అన్న ప్రతిసారీ అమ్మ "ఆ అపశకునం మాటలేంటి నాన్నా" అని ఆపేసేది. మేమందరం టాపిక్ మార్చేసేవాళ్ళం.

ఒక రాత్రి ఆయాసం ఎక్కువైతే అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకొచ్చేశాం. ఐసీయూ. రెండో రోజు రాత్రి పదకొండింటికి డ్యూటీ డాక్టర్ వచ్చి వెంటిలేటర్ పెట్టాలి, సంతకం కావాలన్నారు. డాలస్ నుంచి మామయ్య వీడియో కాల్‌లో "ఏం కావాలంటే అది చెయ్యమని చెప్పరా, డబ్బు గురించి ఆలోచించొద్దు" అంటున్నాడు. ఫారం ఇంగ్లీషులో ఉంది కాబట్టి అందరూ నా వైపు చూశారు. నేను సంతకం పెట్టాను. తర్వాత 17 రోజులు. గొట్టం పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టారు. రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు చూడనిచ్చేవారు. ఆఖరి రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ వచ్చింది. పక్కన మనవాళ్ళెవరూ లేరు.

డాక్టర్లు తప్పు చేశారని నేను అనను. వాళ్ళు అడిగారు, మేం జవాబు చెప్పాం. తాతయ్య జవాబు మా దగ్గరే ఉంది, అది మాత్రం ఎవరం చెప్పలేదు.

ఆఫీసులో ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే కూర్చుని ఆర్‌సీఏ రాస్తాం కదా, ఎక్కడ ఏం తప్పిందో మొత్తం తవ్వి. కర్మలన్నీ అయ్యాక నేను చేసింది అదే. అప్పుడు తెలిసినవి చాలావరకు మాకు రెండేళ్ళ ముందే తెలియాల్సినవి.

మొదటిది పాలియేటివ్ కేర్. తెలుగులో ఉపశమన చికిత్స అంటారు. జబ్బు నయం కాకపోయినా, ఆ జబ్బు పెట్టే బాధని తగ్గించే వైద్యం. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, భయం, ఇంట్లోవాళ్ళ అలసట, ఇవన్నీ దాని పరిధిలోవే. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్, నొప్పి అంటే ఒంటిదొక్కటే అనుకోవద్దనీ, మనసుదీ, మనుషులదీ, ఆధ్యాత్మికమైనదీ కలిసి ఉంటుందనీ చెప్పింది. మన ఛానల్ చూసేవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

దీని మీద జనంలో రెండు అపోహలున్నాయి, నాకూ ఉండేవి. ఇది క్యాన్సర్‌వాళ్ళకే అనుకుంటాం. కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులకీ, పార్కిన్సన్స్‌కీ, మతిమరపు జబ్బుకీ కూడా ఇది ఉంది. రెండోది, ఇది ఆఖరి రెండు రోజుల్లో పిలిచేది అనుకోవడం. మామూలు చికిత్స నడుస్తుండగానే పక్కన ఇదీ నడవొచ్చు. తాతయ్యకి ఆ రెండేళ్ళూ ఈ డాక్టర్ ఒకరు తెలిసి ఉంటే, ఆ రాత్రి ఆయాసానికి ఇంట్లోనే ఏం చెయ్యాలో మాకు తెలిసేది. తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తే నొప్పే కాదు, ఆయాసం కూడా తగ్గుతుందని నేను మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. మార్ఫిన్ అంటే మత్తుమందు అనే భయం డాక్టర్లలోనే ఉండేది, దానికి కారణం 1985 నాటి మత్తుపదార్థాల చట్టం. దాని లైసెన్సుల తతంగానికి భయపడి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి తేలిక చేశారు. దాని వెనక ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళలో కేరళ డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్ ఒకరు, పాలియం ఇండియా సంస్థ పెట్టినాయన. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా ఈ సేవలు దొరికే చోట్ల జాబితా ఉంటుంది. ముందు అది చూడండి.

హైదరాబాద్‌లో అయితే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఎప్పటినుంచో ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, డబ్బు తీసుకోరు. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో కూడా ప్రభుత్వం ఈ కేంద్రాలు పెట్టింది. మతిమరపు జబ్బుకైతే ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థ ఉంది, హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. ఎవరిని అడగాలో అసలేమీ తెలియకపోతే 14567కి ఫోన్ చెయ్యండి. పెద్దవాళ్ళ కోసం దేశమంతా పనిచేసే ఎల్డర్ లైన్ అది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. అది మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2017లో.

రెండో విషయం, కాగితం. లివింగ్ విల్ అంటే ఆస్తి వీలునామా అనుకునేవాడిని. నాకు స్పృహ లేనప్పుడు, జబ్బు నయమయ్యే ఆశ లేనప్పుడు, ఏ చికిత్స కావాలో ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రం ఇది. సుప్రీం కోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో దీన్ని ఒప్పుకుంది. కానీ మెజిస్ట్రేట్ సంతకం కావాలనడంతో ఎవరూ ఆ దారికి పోలేదు. 2023 జనవరి 24న కోర్టే దాన్ని సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. మన తరఫున మాట్లాడేవాళ్ళ పేర్లు అందులో రాయాలి, ఒకరికంటే ఎక్కువ మంది పేర్లూ రాయొచ్చు. అవసరం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు చూస్తుంది, దాని మీద ఇంకో బోర్డు చూస్తుంది, ఒక్కోటి 48 గంటల్లో చెప్పడానికి ప్రయత్నించాలి. కాగితం లేకపోయినా కుటుంబం ఒప్పుకుంటే ఇదే పద్ధతి ఉంది. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం వేరే సంగతి, అది మన దేశంలో నేరం. ఈ తేడా మామయ్యకి ఫోన్‌లో చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది.

మన ఇళ్ళల్లో మామూలుగా జరిగేది మూడో రకం. డబ్బులైపోయాకో, ఆశ పోయాకో "మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టి, గొట్టాలు తీయించి ఇంటికి తెచ్చేస్తాం. మందు లేదు, నర్సు లేదు, ఆయాసంతో కొట్టుకుంటుంటే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. ఇంట్లో పోవడం, ఇంట్లో బాధపడుతూ పోవడం ఒకటి కాదు. ఇంటికి తెచ్చే ముందే పాలియేటివ్ టీమ్‌తో మాట్లాడుకోవాలి.

డబ్బు విషయం క్లుప్తంగా. 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది, ఏడాదికి 5 లక్షలు, కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో ఆయా జీతం, ఎయిర్ బెడ్, డైపర్లు మన జేబులోంచే. ఇంకోటి చాలామందికి తెలియదు: పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అని నిశ్చింతగా ఉంటారు. రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే మన చట్టం ప్రకారం ఆ పవర్ కూడా పోతుంది, తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి. బ్యాంకు ఖాతా జాయింట్‌గా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ముందే మార్చుకోవడం మేలు. 70 దాటినవాళ్ళకి ఇంటికొచ్చి సేవ చెయ్యమని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకి చెప్పింది. గట్టిగా అడిగితే వస్తారు.

ఇప్పుడు అమ్మమ్మ. తాతయ్య పోయాక మా ఇంటికే తెచ్చుకున్నాం. పార్కిన్సన్స్ ముదిరింది, ఏడాదిగా మంచంలోనే. చూసుకునేది అమ్మ. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. రాత్రి కూడా. మొదటి ఆరు నెలలు నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాల్స్‌లో ఉండేవాడిని, అమ్మ నడుముకి బెల్టు పెట్టుకుని ఆ పని చేసేది. మాతృదేవోభవ మీద వీడియో ఎడిట్ చేస్తూ ఇది గమనించలేదు, సిగ్గుగానే ఉంది చెప్పడానికి. ఇప్పుడు రాత్రి పన్నెండు, రెండు నావి. ఇంటికి వచ్చే పాలియేటివ్ నర్సు మొదట చూసింది అమ్మమ్మని కాదు, అమ్మని. "మీరు నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మా" అని అడిగింది. అమ్మ ఏడ్చేసింది.

ఆ నర్సే ఇంకో మాట చెప్పింది, ఇది ప్రతి ఇంట్లో గొడవయ్యే విషయం. ఆఖరి రోజుల్లో ఆకలి తగ్గిపోవడం సహజం. తినడం లేదని నోట్లో కుక్కితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి దూదితో పెదాలూ నోరూ తడుపుతూ ఉంటే చాలు. తులసి తీర్థమైనా అంతే, చెంచాతో పొయ్యొద్దు, పెదాలకి అద్దండి.

కాగితం సంగతి అమ్మమ్మని నేనే అడిగాను. నెల రోజులు వాయిదా వేసి, ఒక సాయంత్రం కాఫీ తాగిస్తూ "అమ్మమ్మా, నీకు బాగా సుస్తీ చేస్తే మమ్మల్ని ఏం చెయ్యమంటావ్" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. మాట స్పష్టంగా రాదు, ముక్కలుగా వస్తుంది.

"మీ తాతకి చేసినట్టు చెయ్యకురా."

సంతకం సంగతి ఆవిడకి తెలుసని నాకప్పటిదాకా తెలియదు.

ఊరికి తీసుకెళ్ళాలా, పంచలో పడుకోబెట్టాలా అని అడిగాను. మేమంతా అదే అనుకుంటున్నాం. "ఊళ్ళో ఎవరున్నార్రా? నా కూతురు ఇక్కడుంటే." హాస్పిటల్‌కి అసలు వద్దా అంటే తల అడ్డంగా ఊపింది. "ఆయాసమొస్తే తీసుకెళ్ళు. అది నాకు భయం. గొట్టం మాత్రం వద్దు." ఆఖర్లో విష్ణు సహస్రనామం పెట్టమంటావా అని, ఎలాగూ ఊఁ అంటుందనే అడిగాను. "మీ అమ్మని చదవమను, ఆ ఫోన్‌లో పెట్టకు" అంది.

అది భీష్ముడు అంపశయ్య మీద ఉండగా ధర్మరాజుకి చెప్పినదే కదా. మన ఛానల్‌లో మొత్తం అప్‌లోడ్ చేసింది నేనే.

నాలుగు మాటలూ తెలుగులోనే టైప్ చేశాను. ఆవిడ వేలిముద్ర, పక్కింటి అంకుల్, మా మేనేజర్ సాక్షులు. నోటరీ ఇంటికే వచ్చాడు. ఒక కాపీ ఫ్యామిలీ డాక్టర్‌కి, ఒకటి మామయ్యకి వాట్సాప్‌లో, ఒకటి ఫ్రిజ్ మీద. మామయ్య రెండు రోజులు రిప్లై ఇవ్వలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "నాకోసం కూడా ఒకటి ఇక్కడి చట్టం ప్రకారం రాయించుకుంటారా" అన్నాడు.

నాన్నని ఇంకా అడగలేదు. ఆయనకి 62, రోజూ కేబీఆర్ పార్కులో నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. ఈ ఆదివారం నేనూ వెంట వెళ్తున్నాను.